రైతు ఇంట వ్యవసాయ విద్యార్థి
పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

చిలకలపూడి పేరు వినగానే జనులకు స్ఫురించునది బంగారు పూత నగ. రాగిని, ఇత్తడిని తీగెగా సాగదీసి, అచ్చువేసి, అతికి, మెరుగుపెట్టి, పైన పూత పూయు ఆ విద్యను అచటి పనివారు ప్రధానముగా పుస్తకములనుండి నేర్వలేదు. పెద్దవాని ప్రక్కన కూర్చుండి, మొదట పనిముట్టు అందించి, పిమ్మట తీగె పట్టుకొని, తుదకు తామే అతుకుపెట్టి నేర్చిరి. కన్ను చూచినదానిని చేయి గుర్తుంచుకొనువరకు ఆ విద్య వచ్చినట్లు కాదు.

వ్యవసాయము కూడ అట్టి విద్యయే. విత్తనము మొలకెత్తు విధమును పుస్తకము చెప్పగలదు. కాని తన చేలో నీరు ఎప్పుడు తీయవలెనో, ఏ గట్టు ఈ రాత్రి తెగునో, ఏ గేదె మేత మానుటకు సిద్ధముగా నున్నదో చెప్పగలవాడు రైతు ఒక్కడే. ఈ రెండు విద్యలను ఒకచోట కలుపుటకై వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామమునకు వచ్చి రైతు ఆతిథ్యమున ఉండి, అతనితో పాటు పనిచేసి నేర్చుకొను ఏర్పాటు ఒకటి కలదు. దీనికి గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమమని పేరు. వాడుకలో దీనిని ‘రావెప్’ అందురు. విద్యార్థిని పంపునది కళాశాల. కాని అతడు నేర్చునది గ్రామమున. కనుక ఈ కార్యక్రమము సఫలమగుట, విఫలమగుట కొంతవరకు పంచాయతీ చేతిలోనే యున్నది.

ఈ ఏర్పాటు వచ్చిన విధము

చదువును చేతిపనిని వేరుచేయరాదను భావము కృష్ణా తీరమునకు క్రొత్తది కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మున్నగు పెద్దలు మచిలీపట్నమున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినపుడు, విద్యతో పాటు వృత్తిశిక్షణకును అందు స్థానము కల్పించిరి. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల ఏర్పడినది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలసినది. అదియే తరువాత ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు ధరించి, నేడు గుంటూరు చెంత లాంలో కేంద్ర కార్యాలయము కలిగియున్నది.

కళాశాలలు పెరిగినవి, పరిశోధనలు సాగినవి. బాపట్ల నుండి 1986లో సాంబ మసూరి, మారుటేరు నుండి 1982లో స్వర్ణ వరి రకము రైతుల పొలములకు వచ్చినవి. అయినను ఒక లోపము మిగిలినది. పరీక్షలలో మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడైన పట్టభద్రుడు రైతు ఎదుట నిలువబడినపుడు, అతని అప్పును, అతని కూలీల కొరతను, అతని కాల్వ చివరి కష్టమును ఎరుగకయే సలహా చెప్పుచుండెను. ఈ లోపమును తీర్చుటకు 1992లో రాంధవా సంఘము గ్రామీణ అనుభవమును పట్టవిద్యలో భాగము చేయవలెనని సిఫారసు చేసినది. 2015 జూలై 25వ తేదీన పాట్నాలో, భారత వ్యవసాయ పరిశోధన మండలి స్థాపక దినోత్సవ సందర్భమున, ప్రధానమంత్రి ప్రారంభించిన ‘స్టూడెంట్ రెడీ’ పథకములో ఈ అనుభవము ఒక ముఖ్యాంగము.

ఐదవ డీన్ల సంఘము రూపొందించిన పాఠ్యక్రమము ప్రకారము ఈ శిక్షణ మొత్తము 20 వారములు. అందు 1 వారము కళాశాలలో సన్నాహము, 8 వారములు గ్రామ నివాసము, 5 వారములు పరిశోధన స్థానములోగాని కృషి విజ్ఞాన కేంద్రములోగాని పని, 2 వారములు సస్య వైద్యశాల, 3 వారములు వ్యవసాయ పరిశ్రమలో అనుభవము, తుది 1 వారము నివేదిక. పాఠ్యక్రమము మారినపుడు వారముల పంపకము మారవచ్చును. కావున తమ గ్రామమునకు విద్యార్థులను పంపు కళాశాలనుండి ఆ సంవత్సరపు పట్టికను పంచాయతీ ముందుగనే తెప్పించుకొనవలెను.

దీనికి తోడు, మన రాష్ట్రమున 2016లో ఆరంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమున వ్యవసాయ పట్టభద్రులైన యువతీయువకులు గ్రామములలోనే కాపురముండి, కొంత భూమిని తామే సాగుచేయుచు, తోటి రైతుల వలన నేర్చుకొనుచు వారికి నేర్పుచున్నారు. ఈ కార్యక్రమమును నడుపు రైతు సాధికార సంస్థకు 2024లో గుల్బెంకియన్ బహుమతి లభించినది. విదేశములలోను ఇట్టి యత్నములు గలవు. ఇంగ్లండున 1971లో సూ కొపార్డు అను నామె, పట్టణవాసులు వారాంతములలో సేంద్రియ కమతమునకు పోయి పనిచేసి, ప్రతిగా అన్నము, వసతి పొందు ఏర్పాటును ప్రారంభించెను. అది పెక్కు దేశములకు వ్యాపించినది. రూపములు వేరైనను సూత్రము ఒకటే: పని నేర్వగోరువాడు పనివాని ఇంట ఉండవలెను.

ఎట్టి కమతము తగినది

విద్యార్థికి ఆతిథ్యమిచ్చు రైతును ఎన్నుకొనునపుడు ఊరిలోని పెద్ద కమతమునే చూపుట వాడుక. ఇది సరికాదు. ఇరువది ఎకరములలో ఒకే వరి వేయించి, పనులన్నియు గుత్తకిచ్చిన యజమాని ఇంట విద్యార్థి నేర్చునది స్వల్పము. కొద్ది భూమిలో పెక్కు పనులు గల చిన్నరైతు ఇల్లే అతనికి మంచి పాఠశాల.

ఉదాహరణకు, బందరు చెంత ఒక గ్రామమున 3 ఎకరముల మాగాణి, ఇంటి వెనుక కొద్దిపాటి పెరడు, రెండు పాడిగేదెలు, పది పన్నెండు నాటుకోళ్లు, గట్లపై కొబ్బరిచెట్లు, కూరపాదులు గల కుటుంబమును తీసికొందము. ఇచట ఒకదాని వ్యర్థము మరొకదానికి ఆధారము. వరిగడ్డి గేదెకు మేత. గేదెల పెంట పొలమునకు ఎరువు. చిట్టు, తవుడు పశువులకు దాణా. మినుపకట్టె కూడ పశువుల మేతయే. పెరటి ఆకుకూరలు ఇంటి ఖర్చును తగ్గించును. ఈ బంధములను ఒకే ఇంట, ఒకే దినమున, కంటితో చూచుటకు ఇంతకంటె మంచి తావు లేదు.

ఇట్టి కమతము విలువ ఆపద సమయమున తెలియును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన తీరగ్రామములలో మనుష్యులను, పశువులను, పంటను ఒక్కమారుగా తుడిచిపెట్టినది. అంతటి ప్రళయమునకు ఏ సాగు పద్ధతియు అడ్డు కాజాలదు. కాని అంతకంటె చిన్న ఆపదలు తరచుగా వచ్చును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినపుడు వరి కోతకాలము. పనలమీద ఉన్న పంట, కోతకు వచ్చిన పంట నీటిపాలైనవి. అట్టి సమయమున వరి యొక్కటే నమ్ముకొన్న ఇంటికి మరుసటి పంటవరకు రాబడి ఉండదు. పాడి గల ఇంట, గేదెలు క్షేమముగా ఉన్నచో, మరునాడు కూడ పాల డబ్బు వచ్చును. అది నష్టమును పూడ్చలేదు, కాని ఇల్లు గడుపును. ఈ భేదమును విద్యార్థి లెక్కవేసి చూపగలిగినచో, అతడు నేర్చినదానిని గ్రామమునకు తిరిగి ఇచ్చినట్లే.

దినచర్య

రైతు ఇంట దినము తెల్లవారుజామున గేదెల పాకలో మొదలగును. పెంట తీసి, పాక కడిగి, కుడితి పెట్టి, దూడను విడిచి, పాలు పితుకవలెను. పితుకు విద్య మొదటి వారమున రాదు. విద్యార్థి తొందరపడరాదు. క్రొత్తచేయి తగిలిన గేదె పాలు ఎగబట్టవచ్చును. కావున మొదటి దినములలో అతడు నీళ్లు, దాణా అందించుచు గేదెకు అలవాటు కావలెను. పాల కేంద్రమునకు స్వయముగా పోయి, వెన్న శాతమును బట్టి వెల ఎట్లు కట్టుదురో చూడవలెను.

తరువాత చేనికి పోవుట. పోవునపుడు చేతిలో పలుగుపార ఉండవలెను. బోదెలో నీటిమట్టము, గట్టున ఎలుక బొరియలు, ఆకుమీద పురుగు జాడలు, పక్కచేనినుండి వచ్చు ఊట, వీనిని రైతుతో కలిసి చూచి, తనకు తోచిన కారణము చెప్పి, పిమ్మట రైతు చెప్పు కారణము వినవలెను. మధ్యాహ్న విశ్రాంతి తరువాత పెరటి పని, కోళ్లు, సాయంకాలపు పాడి. రాత్రి భోజనమునకు ముందు అర్ధగంట లెక్కల పుస్తకమునకు కేటాయించవలెను. విద్యార్థి రైతును ‘బాబాయి గారూ’ అనియు, గృహిణిని ‘పిన్ని గారూ’ అనియు పిలుచుచు ఆ ఇంటి పిల్లవానివలె మెలగినచో, అడుగుటకు జంకు, చెప్పుటకు సంకోచము రెండును తొలగును.

కాలమును బట్టి పాఠములు

నేల పరీక్ష: సముద్రము చేరువనున్న బందరు, కోడూరు, నాగాయలంక ప్రాంతములలో ఉప్పు నేల పెద్ద చిక్కు. విద్యార్థి మొదటి పాఠము ఇదియే. ఒక చేనిలో 8 మొదలు 10 తావులలో చెత్త తొలగించి, ‘వి’ ఆకారమున 15 సెంటీమీటర్ల లోతు గుంటతీసి, అంచునుండి మన్ను గీచి, అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు రెండు భాగములు తీసివేయుచు అరకిలో మిగుల్చవలెను. గట్టు ప్రక్క, పెంటపోగు ప్రక్క, చెట్టు నీడన మన్ను తీయరాదు. ఫలితము వచ్చిన పిమ్మట పాలచౌడుకు, కారుచౌడుకు భేదము తెలిసికొనవలెను. లవణములు నిండిన పాలచౌడును మంచి నీరు నిలిపి, మురుగు కాల్వలోనికి తీసివేయుచు కడుగవలెను. సోడియము హెచ్చైన కారుచౌడుకు జిప్సము అవసరము. మురుగు పారుదల లేనిచో ఏ మందును పనిచేయదు. ఈ పాఠము రైతు ఒక్కనిది కాదు, మురుగు కాల్వ పూడిక తీయింపవలసిన గ్రామమంతటిది.

పచ్చిరొట్ట, వరి: వరికి ముందు జీలుగ విత్తి, పూతదశలో కలియదున్నుట ఉప్పు నేలకు మేలు. చౌడు మడిలో లేతనారు నిలువదు. కనుక కొంచెము ముదిరిన నారును, కుదురుకు మామూలుకంటె ఎక్కువ మొక్కలతో నాటుదురు. ఉప్పును తట్టుకొను ఎం.సి.ఎం. రకములను మచిలీపట్నము వ్యవసాయ పరిశోధన స్థానము రూపొందించినది. ఆ రకముల గుణదోషములను పుస్తకములో చదువుటకంటె, వానిని వేసిన రైతును అడిగి తెలిసికొనుట మేలు. ఘంటసాలలోని కృషి విజ్ఞాన కేంద్రము ఈ ప్రాంత రైతులకు, విద్యార్థులకు సలహా కేంద్రము.

మినుము: కృష్ణా డెల్టా ప్రత్యేకత వరిమాగాణి మినుము. వరికోతకు 2, 3 దినముల ముందు, చేనిలో తగిన పదును ఉండగా, నిలిచిన వరిలోనే ఎకరమునకు 16 మొదలు 18 కిలోల విత్తనము వెదజల్లుదురు. మూడు ఎకరములకు 48 మొదలు 54 కిలోలు కావలెను. దుక్కి లేదు, నీటి తడి లేదు. నేలలో మిగిలిన తేమయే ఆధారము. పదును ఎక్కువైన విత్తనము కుళ్లును, తక్కువైన మొలవదు. అడుగు వేసినపుడు మన్ను ఎట్లుండవలెనో చెప్పు రైతు మాటకు సమానమైన కొలత ఏ పరికరములోను లేదు. బంగారుతీగ అను పరాన్నజీవి కలుపు, పల్లాకు తెగులు ఈ పంటకు ప్రధాన శత్రువులు. మొదటి తీగ కనబడగానే పీకివేయుట, తెగులును తట్టుకొను రకము ఎన్నుకొనుట విద్యార్థి గుర్తుంచుకొనవలెను.

ఇచట ఒక చిక్కు గమనింపదగినది. పెక్కు కళాశాలలలో గ్రామ నివాసపు 8 వారములు వానకాలమున వచ్చును. అప్పుడు నారుమడి, ఊడ్పులు, ఎరువు, కలుపు కనబడును. కోత, నూర్పిడి, మినుము వెదజల్లుట కనబడవు. ధర పలుకు సమయము, అప్పు తీర్చు సమయము మొదలే కనబడదు. సగము పంటను చూచినవానికి సగము వ్యవసాయమే తెలియును. కావున కోతకాలమున నాలుగైదు దినములు విద్యార్థిని మరల రప్పించుటకు పంచాయతీ కళాశాలను కోరవలెను. అది కుదరనిచో, రైతు తన కోత, అమ్మకపు లెక్కలను టెలిఫోనులోనైనను అతనికి చెప్పుచుండవలెను.

పాడి, కోళ్లు: గేదె ఎదకు వచ్చిన సంగతి గుర్తించుట పాడికి మూలము. సుమారు 21 దినములకు ఒకసారి ఎద వచ్చును. గేదెలలో ఆ లక్షణములు తరచు మరుగున ఉండును, రాత్రివేళనే కనబడును. ఉదయము గుర్తించిన గేదెకు సాయంకాలము, సాయంకాలము గుర్తించినదానికి మరునాటి ఉదయము గర్భధారణ చేయింతురు. ఒక్క ఎద తప్పినచో మూడు వారముల మేత వృథా. ఈనిన దూడకు మొదటి గంటలోనే జున్నుపాలు త్రాగింపవలెను. 30 కిలోల దూడకు దినమునకు సుమారు 3 కిలోలు, రెండు మూడు మారులుగా పట్టవలెను. నాటుకోళ్లకు కొక్కెర తెగులు టీకా వేయించుట మరువరాదు. ఒక్క ఇంట వేయించిన చాలదు. ఊరికోళ్లన్నియు ఒకే దినమున వేయించుకొనినచో తెగులు అదుపులోనుండును. ఇది విద్యార్థులు పూనుకొనదగిన గ్రామసేవ.

లెక్కల పుస్తకము

రైతు తన కష్టమును లెక్కలో వ్రాయడు. విద్యార్థి వ్రాయవలెను. రెండు గేదెలపై భార్యాభర్తలిరువురు దినమునకు 3 గంటల చొప్పున వెచ్చించిరనుకొందము. నెలకు 30 దినములకు 180 గంటలగును. 8 గంటల పనిదినముగా విభజించిన 22న్నర పనిదినములు. పాల డబ్బులో ఈ కూలి తీసివేసి చూచినగాని పాడి లాభమో, తమ కష్టమునకు కూలి మాత్రమో తెలియదు. అట్లే, దినమునకు 8 లీటర్లు పితికి, 2 లీటర్లు ఇంటికి ఉంచుకొని, 6 లీటర్లు కేంద్రమున పోసినచో, చేతికి వచ్చిన ధనము 6 లీటర్లది, రాబడి మాత్రము 8 లీటర్లది. పిల్లలు త్రాగిన పాలును రాబడియే. ఈ పనిలో గృహిణి పాలు ఎంతయో లెక్క వ్రాసినపుడే బయటపడును. ఆమె పేరు భూమి పత్రములలో లేకపోవచ్చును, లెక్కల పుస్తకములో ఉండితీరవలెను.

కౌలు రైతు సంగతి మరింత ముఖ్యము. మన డెల్టాలో దున్నువాడొకడు, పట్టాదారొకడు అయిన కమతములు అనేకము. సొంతభూమి రైతు ఇంట మాత్రమే ఉన్న విద్యార్థికి కౌలు బరువు తెలియదు. అదే ఎకరము, అదే దిగుబడి, అదే ధర అయినను, కౌలు బస్తాలు కొలిచిన పిమ్మట మిగులునది వేరు. పంట పోయిన యేట ఈ భేదము ఇంకను కఠినమగును. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పందముపై సాగుదారునికి పత్రము ఇచ్చుటకు వీలు కల్పించినది. ఆ పత్రము తన ఆతిథ్య రైతుకు ఉన్నదా, లేనిచో ఏల లేదు, దాని వలన ఋణము, పంట నష్టపరిహారము దొరకినవా అను ప్రశ్నలను విద్యార్థి వినయముతో అడిగి వ్రాసికొనవలెను. అట్టి లెక్క కొందరికి రుచింపకపోవచ్చును. పేర్లు వ్రాయక, సంఖ్యలు మాత్రము వ్రాసినచో ఎవరికిని నొప్పి కలుగదు, నిజమును దాగదు.

పని ఎంత, పాఠమెంత

ఈ కార్యక్రమమునకు రెండు వైపులను ప్రమాదము కలదు. ఒకటి, విద్యార్థి నీడపట్టున కూర్చుండి, ప్రశ్నపత్రము నింపుకొని, సాయంకాలము పట్టణమునకు పోవుట. రెండు, కూలీల కొరత గల వేళ అతనిని కూలి ఇయ్యనక్కరలేని కూలివానిగా వాడుకొనుట. మొదటి దానివలన రైతుకు విసుగు, రెండవ దానివలన విద్యార్థికి అన్యాయము. కూలిపైననే బ్రతుకు ఇంటికి రావలసిన పనిదినమును ఉచితముగా వచ్చిన విద్యార్థిచే చేయించుట ఆ కూలిజనమునకును అన్యాయమే.

దీనికి సులభమైన గీటురాయి ఒకటి కలదు. ఒక పనిని నేర్చుకొను నిమిత్తము చేసినంతవరకు అది పాఠము. వచ్చిన పనిని దినములతరబడి చేయింపబడినచో అది కూలి, దానికి కూలి ఇయ్యవలెను. ఊడ్పు ఒక దినము చేయుట పాఠము, పది దినములు చేయించుట కూలి. బరువు బస్తాలు మోయించుట, రక్షణ లేకుండ పురుగుమందు చల్లించుట పాఠములు కానేకావు.

రైతు కుటుంబము మోయు భారమును కూడ మరువరాదు. అదనపు కంచము, స్నానమునకు నీరు, పడకకు తావు, ఇవన్నియు గృహిణిపై పడును. విద్యార్థి భోజన వ్యయమును ఎవరు భరింతురో, ఎంతయో మొదటనే నిర్ణయించవలెను. మొగమాటము వలన చెప్పకయుండుట తరువాత మనస్పర్ధలకు దారితీయును. విద్యార్థినులు వచ్చినపుడు ఒంటరిగా ఒక ఇంట ఉంచక, ఇరువురు ముగ్గురు కలిసి ఉండునట్లు, మరుగుదొడ్డి గల ఇల్లు ఎన్నుకొనుట తప్పనిసరి. పాడి, కోళ్లు, విత్తన రక్షణ స్త్రీల చేతిలోని పనులు. ఆ పనులు నేర్చుటకు విద్యార్థినులు వచ్చుట గ్రామమునకు ప్రత్యేక లాభము.

దివిసీమలో వానకాలమున పాముకాటు భయము కలదు. రాత్రి చేనికి పోవునపుడు దీపము, కాలికి రక్షణ అవసరము. కాటు పడినచో కోయుట, బిగించి కట్టుట, మంత్రము వేయించుట చేయక, కదలనీయక, వెంటనే 108 వాహనమున విషవిరుగుడు మందు గల ఆసుపత్రికి చేర్పవలెను. ఆ మందు దగ్గరలో ఎచట కలదో విద్యార్థి వచ్చిన మొదటి దినముననే పంచాయతీ చెప్పియుంచవలెను.

పంచాయతీ చేయవలసిన పనులు

73వ రాజ్యాంగ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు మొదటిది వ్యవసాయము, వ్యవసాయ విస్తరణతో సహా. పశుపోషణ, పాడి, కోళ్లు, చేపల పెంపకము కూడ ఆ పట్టికలోనివే. కావున ఇది కళాశాల పని, మనది కాదు అనుటకు వీలులేదు.

1. విద్యార్థులు రాకముందే గ్రామసభలో ఈ విషయము ప్రస్తావించి, సమ్మతించిన రైతుల పట్టిక వ్రాయవలెను. అందు సొంతభూమి రైతు, కౌలు రైతు, పాడియే ఆధారముగా గల కుటుంబము, ఈ మూడు రకములును ఉండవలెను.

2. కళాశాల అధ్యాపకుడు, రైతు సేవా కేంద్రపు ఉద్యోగి, ఆతిథ్య రైతు, విద్యార్థి, ఈ నలుగురిని ఒకచోట కూర్చుండబెట్టి పనివేళలు, భోజన వ్యయము, సెలవు, ఆపదలో పిలువవలసిన వారి పేర్లు ఒక కాగితముపై వ్రాయింపవలెను.

3. విద్యార్థులు ముగ్గుపిండితో, రంగులతో నేలపై వేయు గ్రామ పటమునకు తావు చూపి, వృద్ధులను, స్త్రీలను, కూలిజనమును పిలువవలెను. ఏ బోదె పూడినది, ఏ మురుగు కాల్వ ఆక్రమింపబడినది, ఏ చెరువు ఊటవలన ప్రక్కచేను చౌడుబారుచున్నది, ఇవి ఆ పటమున బయటపడును.

4. ఆ పటము సాయంకాలమునకు తుడిచివేయబడకుండ, కాగితముపైకి ఎత్తించి, ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయమున భద్రపరచవలెను. నేల పరీక్షల పట్టికకును, లెక్కల సారాంశమునకును ఇదే నియమము.

5. వారమునకొక సాయంకాలము విద్యార్థి తాను చూచిన ఒక విషయమును రైతుల ఎదుట పది నిమిషములు చెప్పవలెను. తప్పు చెప్పినచో రైతులు దిద్దవలెను. ఇందు సిగ్గుపడవలసినదేమియు లేదు.

6. శిబిరాంతమున గ్రామసభ జరిపి, విద్యార్థి సలహాలలో ఒక్కటైనను ఎన్నుకొని, దానిని ఎవరు, ఎప్పటిలోగా చేయుదురో తీర్మానింపవలెను. మరుసటి యేడు వచ్చు విద్యార్థులకు ఆ తీర్మానమును చూపి, అది నెరవేరినదో లేదో వారిచేతనే పరిశీలింపజేయవలెను.

ఈ ఆరవది ముఖ్యము. నివేదిక వ్రాసి మార్కులు పొందిన పిమ్మట విద్యార్థి వెడలిపోవును. ప్రతి యేడు క్రొత్త విద్యార్థి మొదటి ప్రశ్నలనే మరల అడుగును. గ్రామము తన దగ్గర ఒక ప్రతి ఉంచుకొనినచో, రెండవ యేటివాడు మొదటివాడు ఆపిన చోటునుండి ప్రారంభించును. ఐదేండ్లలో ఆ గ్రామమునకు తన నేల, తన నీరు, తన ఆదాయము గురించిన సొంత గ్రంథము ఏర్పడును.

దీని ప్రయోజనము

నేడు ప్రతి గ్రామమునను వినబడు మాట ఒకటి కలదు: ‘మా పిల్లలు వ్యవసాయము చేయరు.’ తన కష్టమును తన కుమారుడు చిన్నచూపు చూచుటకంటె రైతును బాధించునది వేరొకటి లేదు. అట్టి ఇంటికి, పట్టణమున పెరిగిన విద్యార్థి ఒకడు వచ్చి, అతనిని గురువుగా ఎంచి, అతని మాటను పుస్తకములో వ్రాసికొనుచుండగా చూచిన పిల్లలు తమ తండ్రి విద్యయు విద్యయే అని తెలిసికొందురు. వారు వ్యవసాయమే చేయుదురని చెప్పజాలము. దానిని గౌరవింతురని మాత్రము చెప్పవచ్చును.

ఇక ఆ విద్యార్థి రేపు వ్యవసాయాధికారి కావచ్చును, బ్యాంకు అధికారి కావచ్చును, విత్తన పరిశోధకుడు కావచ్చును. ఋణపు దరఖాస్తును త్రోసిపుచ్చునపుడో, పంటనష్టము వ్రాయునపుడో, క్రొత్త రకమును సిఫారసు చేయునపుడో, తాను అన్నము తిన్న ఆ ఇంటి లెక్కల పుస్తకము అతనికి జ్ఞప్తికి రావలెను. ఆ జ్ఞాపకము ఎంత నిజముగా ఉండవలెనో నిర్ణయించునది నేడు మన గ్రామమున అతడు గడపు ఎనిమిది వారములే.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమున పంట, పాడి, పెరడు మూడును గల చిన్న కమతములు ఎన్ని కలవు? వారిలో విద్యార్థికి ఆతిథ్యమిచ్చుటకు సమ్మతించువారెవరు?

2. గతమున మన గ్రామమునకు వచ్చిన విద్యార్థుల నివేదికలు పంచాయతీలో కలవా? లేనిచో కళాశాలనుండి తెప్పించుటకు ఎవరు పూనుకొందురు?

3. మన మురుగు కాల్వలలో పూడిక తీయవలసినవి ఏవి? ఏ చేలు వానివలన చౌడుబారుచున్నవి?

4. మన గ్రామమున సాగుదారు పత్రము పొందని కౌలు రైతులు ఎందరు? వారికి పంచాయతీ చేయగల సాయమేమి?